మూడు భాషల సంఘానికి ఏ సైట్? వర్డ్‌ప్రెస్, జూమ్లా, డ్రూపల్ మధ్య ఎంపిక

పర్లాకిమిడిలో మా చర్చి సంఘానికి ఆదివారం ఉదయం ఏడు గంటలకి తెలుగు ఆరాధన, తొమ్మిదిన్నరకి ఒడియా ఆరాధన. కొండ ఊళ్ళ నుంచి దిగివచ్చే సవర కుటుంబాలు రెండో ఆరాధనలో కూర్చుని, చివర్లో తమ భాషలో రెండు పాటలు పాడి వెళ్తారు. ఊరేమో ఒడిశా. పక్కనే పాతపట్నం, అది ఆంధ్రా. 1936లో ఒరిస్సా విడిగా ఏర్పడినప్పుడు గీసిన గీత మా సంఘం రిజిస్టరులో ఇప్పటికీ కనబడుతుంది. ఒకే ఇంట్లో మామగారి సంతకం తెలుగులో, కోడలి సంతకం ఒడియాలో.

నాది డీటీపీ షాపు. పెళ్ళి కార్డులు, కోత పండుగ కరపత్రాలు చేసేవాణ్ణి కాబట్టి సంఘం వెబ్‌సైట్ కూడా నా నెత్తిమీదే పడింది. గుణుపురం నుంచి, రాయగడ నుంచి, బరంపురం నుంచి యౌవనస్థులు ఫోన్ చేసి ఒకటే అడుగుతారు: "అన్నా, ఉచితంగా దొరికే సీఎంఎస్‌లలో మా సంఘానికి ఏది పెట్టుకోమంటారు?" ఒక్కొక్కరికీ గంటసేపు చెప్పే బదులు ఇక్కడ రాసేస్తున్నాను.

కొత్తవాళ్ళకి ఒక్క ముక్క. సీఎంఎస్ అంటే సైట్‌కి వెనక ఉండే ఆఫీసు గది. పాస్‌వర్డు కొట్టి లోపలికి వెళ్తే, కోడింగ్ రాకపోయినా ప్రసంగం, ఫొటో, ప్రకటన పెట్టి రావచ్చు. పైన చెప్పిన మూడూ ఓపెన్ సోర్స్, అంటే ఆ సాఫ్ట్‌వేర్‌కి లైసెన్సు డబ్బు కట్టక్కర్లేదు, కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది. డొమైన్‌కీ (సైట్ చిరునామా), హోస్టింగ్‌కీ (సైట్ ఉండే సర్వర్‌లో చోటు) మాత్రం ఏటా కట్టాల్సిందే. మొదటి ఏడాది ఆఫరు ధర చూపిస్తారు, రెండో ఏడాది అసలు ధర వస్తుంది. కమిటీకి రెండో ఏడాది ధరే చెప్పి ఒప్పించండి. లేకపోతే కోశాధికారి గారికి సమాధానం చెప్పలేక మీకే టెన్షన్.

ఇంకో మాట కూడా ముందే. నిజానికి చాలా సంఘాలకి సైట్ అక్కర్లేదు. ముప్పై కుటుంబాలు, అందరూ ఊళ్ళోనే ఉన్నారు అంటే వాట్సాప్ గ్రూపు చాలు. మాకు సైట్ ఎందుకు కావాల్సి వచ్చిందంటే, మా పిల్లల్లో సగం మంది హైదరాబాదు, చెన్నై, సూరత్, గల్ఫ్. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి గజపతి జిల్లాలో కరెంటు, సిగ్నలు పోయినప్పుడు సైట్ మాత్రం ఎక్కడో సర్వర్‌లో నిక్షేపంగా ఉంది. ఇక్కడ ఎవరూ తెరవలేకపోయారు. బరంపురం చేరుకున్న ఒక తమ్ముడు అక్కణ్ణించి ఫలానా వీధి వాళ్ళు క్షేమం, గుడి పైకప్పు రేకులు లేచిపోయాయి అని నాలుగు ముక్కలు పెడితే, బయట ఉన్నవాళ్ళంతా ఆ ఒక్క పేజీనే చూస్తూ కూర్చున్నారట. మీ సైట్ ఎవరి కోసమో తేలితే సగం ఎంపిక అయిపోయినట్టే.

జపానోళ్ళు వచ్చిన కథ

మా మొదటి సైట్ 2012లో జూమ్లా 2.5 మీద పెట్టాం. ఇంజనీరింగ్ చదువుతున్న కుర్రాడు సెలవుల్లో ఉత్సాహంగా చేశాడు, చక్కగా చేశాడు. తరువాత బెంగళూరు వెళ్ళిపోయాడు. 2.5కి 2014 డిసెంబరు 31తో మద్దతు ఆగిపోయిందని, అంటే ఆపై లోపాలు బయటపడినా ఎవరూ సరిచేయరని, మాలో ఒక్కరికీ తెలియదు. సైట్ కనబడుతోంది కదా అనుకున్నాం.

2017లో ఒకరోజు స్త్రీల సమాజం పెద్దమ్మ గారు ఫోన్ చేశారు. "బాబూ, గూగుల్లో మన గుడి పేరు కొడితే ఏటో జపాను రాతలొస్తన్నాయి. మన సైట్లోకి జపానోళ్ళు వచ్చీసినారా ఏటి?" వచ్చింది జపానోళ్ళు కాదు. పాత సైట్లలో దూరి, వేల కొద్దీ దొంగ పేజీలు జపనీస్‌లో పుట్టించి నకిలీ సరుకు అమ్ముకునే ముఠాలు ఉంటాయి. పాస్‌వర్డులన్నీ బెంగళూరు కుర్రాడి పాత మెయిల్‌లో ఉన్నాయి. ఆ మెయిల్ పాత ఫోన్ నంబరుకి ముడిపడి ఉంది. నంబరు ఎప్పుడో పోయింది. ఐదేళ్ళ ప్రసంగాల్లో ఒక్కటీ తిరిగి రాలేదు.

ఇందులో జూమ్లా తప్పేమీ లేదు. తప్పు మాది. కానీ ఆ దెబ్బతో నా ప్రశ్న మారింది. ఏ సాఫ్ట్‌వేర్‌లో ఎన్ని హంగులున్నాయి అన్నది ఇప్పుడు నేను చూడను. ఈ కుర్రాడు వెళ్ళిపోయాక రేపు ఎవరు చూసుకుంటారు? వాళ్ళకి ఏది చేతనవుతుంది? కింద చెప్పే ప్రతీదీ ఈ రెండు ప్రశ్నల మీదే తూచాను.

వర్డ్‌ప్రెస్

2003లో మొదలైంది. ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతం పైగా దీని మీదే నడుస్తున్నాయి. ఆ లెక్క గొప్ప కోసం చెప్పడం లేదు. అంతమంది వాడుతున్నారు కాబట్టి పర్లాకిమిడిలో అయినా, పలాసలో అయినా ఇది తెలిసిన కుర్రాడు ఒకడు దొరుకుతాడు. యూట్యూబులో తెలుగు పాఠాలు దొరుకుతాయి. నా దృష్టిలో దీని అసలు బలం అదే.

రెండో బలం, చిన్న భద్రతా సవరణలు వాటంతట అవే ఎక్కిపోవడం. 2013 అక్టోబరులో వచ్చిన 3.7 వెర్షన్ నుంచి ఈ ఏర్పాటు ఉంది. మా పాత సైట్‌కి ఇదే ఉండి ఉంటే జపాను కథ ఉండేది కాదేమో. జూమ్లాకి ఈ సౌకర్యం 2025 అక్టోబరులో 5.4, 6.0 వెర్షన్లతో గానీ రాలేదు.

బలహీనత ప్లగిన్లు, అంటే అదనపు పనుల కోసం పైనుంచి తగిలించుకునే చిన్న సాఫ్ట్‌వేర్లు. వర్డ్‌ప్రెస్ తనంతట తాను చేసేది తక్కువ, మిగతాదంతా ప్లగిన్లతోనే. ప్రసంగాలకి ఒకటి, క్యాలెండరుకి ఒకటి, ఫొటోలకి ఒకటి అంటూ ఇరవై తగిలించేస్తారు. సైట్లు కొల్లగొట్టేవాళ్ళు ఎక్కువగా దూరేది ఆ ప్లగిన్ల సందుల్లోంచే. ప్రసంగాల కోసం ప్రత్యేక ప్లగిన్ అస్సలు వద్దని నా సలహా. దాన్ని రాసినవాళ్ళు రేపు మానేస్తే మీ ప్రసంగాలు దాని పద్ధతిలోనే ఇరుక్కుంటాయి. మామూలు పోస్టు రాసి 'ప్రసంగాలు' అనే వర్గంలో వేయండి. పదేళ్ళయినా ఎక్కడికి కావాలంటే అక్కడికి తీసుకుపోవచ్చు. మా సైట్‌లో మొత్తం ఐదు ప్లగిన్లు. ఆరోది కావాలంటే కమిటీలో అడగాలి. నవ్వకండి, నిజంగానే అడుగుతాం.

డబ్బు పెట్టి కొనే థీమ్‌ని (సైట్‌కి రూపం ఇచ్చే డిజైన్) ఎవరో ఉచితంగా ఇచ్చారంటే తీసుకోకండి. క్రాక్ చేసిన థీమ్‌లో దొంగతలుపు ఉండే అవకాశమే ఎక్కువ. పైగా దొంగసొత్తు మీద వాక్యం పెట్టడం ఏం బాగుంటుంది?

ఇక బాధ్యతల పంపకంలో ఒక చిక్కు ఉంది. వర్డ్‌ప్రెస్‌లో 'కంట్రిబ్యూటర్' అనే స్థాయి వాళ్ళు రాయగలరు గానీ ప్రచురించలేరు. సండే స్కూల్ టీచరుకి ఇది సరిపోతుంది అనుకుంటాం. తీరా చూస్తే ఆ స్థాయిలో ఫొటో ఎక్కించడానికి వీల్లేదు. పిల్లల ప్రోగ్రాం అంటేనే ఫొటోలు. పోనీ 'ఆథర్' స్థాయి ఇస్తే తాము రాసినవి నేరుగా ప్రచురించేస్తారు. మధ్యస్థం లేదు. మేము ఫొటోలు వాట్సాప్‌లో తెప్పించుకుని మేమే పెడుతున్నాం.

వర్డ్‌ప్రెస్ డాట్ కామ్, వర్డ్‌ప్రెస్ డాట్ ఓఆర్‌జీ ఒకటి కాదు. మొదటిది వాళ్ళ సర్వర్‌లో నడిచే సేవ, పైసలు కట్టే కొద్దీ తలుపులు తెరుస్తారు. నేను ఇక్కడ చెబుతున్నది రెండో చోట దొరికే సాఫ్ట్‌వేర్ గురించి, మన హోస్టింగ్‌లో మనం పెట్టుకునేది.

జూమ్లా

2005లో మాంబో అనే సీఎంఎస్ నుంచి విడిపోయి పుట్టింది. స్వాహిలీలో ఆ మాటకి 'అందరూ కలిసి' అని అర్థం. సంఘానికి ఇంతకన్నా మంచి పేరు దొరకదు.

పేరు సంగతి పక్కన పెడితే, మా సరిహద్దు సంఘాలకి జూమ్లాలో నిజంగా ఒక ఆకర్షణ ఉంది. బహుభాషా ఏర్పాటు లోపలే ఉంది, ప్లగిన్ అక్కర్లేదు. వర్డ్‌ప్రెస్‌లో అది ఇప్పటికీ ప్లగిన్ పనే. అదొక్కటే కాదు, ఎవరు ఏది ముట్టుకోవచ్చో వర్గాల వారీగా గీత గీయవచ్చు. స్త్రీల సమాజం వాళ్ళు తమ పేజీలే మారుస్తారు, యౌవనస్థులు తమవే. ఒడియా విభాగం ఒడియా పెద్దల చేతిలో ఉంటుంది. రెండు ఆరాధనలు, రెండు కమిటీలు, ఒకరి ప్రకటనని ఇంకొకరు దిద్దారని చిన్న చిన్న మనస్తాపాలు ఉన్న సంఘాలకి ఇది శాంతినిచ్చే ఏర్పాటు. అలాంటి సంఘాలు లేవని ఎవరైనా అంటే నేను నమ్మను.

మరి మేము మళ్ళీ జూమ్లాకి ఎందుకు వెళ్ళలేదు? ఒకటి, మొదటిసారి అమర్చడం తలనొప్పి. ప్రతి భాషకీ విడి మెనూ, విడి హోమ్ పేజీ, ఆపై వ్యాసాలకి ఒకదానితో ఒకటి జత కుదర్చడం. అర్థమయ్యాక సులువే, అర్థమయ్యే దాకా తల గోక్కోవడమే. రెండు, వెర్షన్ల దూకుడు. 2.5 నుంచి 3కి, 3 నుంచి 4కి వెళ్ళడం మామూలు అప్‌డేట్ కాదు, ఇల్లు మారినట్టే. మూడో వెర్షన్‌కి 2023 ఆగస్టుతో మద్దతు ముగిసింది, ఇంకా దాని మీదే ఉన్న సంఘాల సైట్లు నాకు తెలిసినవే రెండున్నాయి. 4 నుంచి 5కి దారి చాలా నున్నగా అయింది, అది ఒప్పుకోవాలి. మూడు, ముఖ్యమైనది: మా చుట్టుపక్కల జూమ్లా తెలిసినవాడు నేనొక్కణ్ణే. నాకు షుగరు కూడా ఉంది.

డ్రూపల్

ఒక్క సంఘానికి వద్దు.

మంచిది కాక కాదు. ప్రసంగం అంటే ప్రసంగీకుడు, తేదీ, వాక్యభాగం, భాష అని గళ్ళు గీసి, వాటితో కావాల్సిన జాబితాలు తీయడంలో దాన్ని మించింది లేదు. బహుభాషల పని కూడా ఎనిమిదో వెర్షన్ నుంచి లోపలే గట్టిగా ఉంది. కానీ దాన్ని పోషించడానికి కమాండ్ లైన్ (మౌస్ లేకుండా ఆదేశాలు టైపు చేసి నడిపే పద్ధతి) తెలిసిన మనిషి కావాలి, చవక హోస్టింగ్ సరిపోదు. 2014 అక్టోబరు 15న డ్రూపల్ 7లో ఒక పెద్ద లోపం బయటపడింది. ఆ ప్రకటన వచ్చిన ఏడు గంటల్లోపు సరిచేయని సైట్లన్నీ దొంగల చేతిలో పడ్డట్టే అనుకోండని వాళ్ళ భద్రతా బృందమే తరువాత హెచ్చరించింది. ఏడు గంటలు! మా కమిటీ కోరం కుదరడానికే ఏడు వారాలు. ఆ ఏడో వెర్షన్‌కి కూడా 2025 జనవరి 5తో మద్దతు ముగిసింది.

అదే నెలలో మామూలు వాళ్ళ కోసం డ్రూపల్ సీఎంఎస్ అని తేలిక రూపం ఒకటి విడుదల చేశారు. నూరు సంఘాలున్న అసోసియేషనో, డయాసిస్సో జీతం ఇచ్చి మనిషిని పెట్టుకోగలిగితే అది చూడవచ్చు.

సీఎంఎస్సే లేకపోతే

ఏడాదికి నాలుగుసార్లే మారే సైట్ అయితే హ్యూగో లాంటి పేజీలు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌తో మామూలు హెచ్‌టీఎంఎల్ పేజీలు తయారు చేసి పెట్టేయవచ్చు. లాగిన్ లేదు, డేటాబేస్ లేదు, దూరడానికి తలుపే లేదు. గిట్‌హబ్ పేజెస్‌లో హోస్టింగ్ కూడా ఉచితం. సెరంగో వైపు కొండ మలుపుల్లో సిగ్నల్ రెండు గీతలున్నా పేజీ తెరుచుకుంటుంది. లోటల్లా పాస్టరు గారు ఫోన్ లోంచి ఒక్క అక్షరం మార్చలేరు. చర్చి చరిత్ర, ఆరాధన వేళలు, దారి పటం, ఫోన్ నంబరు ఇంతే కావాలనుకునే సంఘానికి మాత్రం నేను ముందు ఇదే చెబుతాను. వినేవాళ్ళు తక్కువ.

ఒకే ప్రకటన, రెండు చోట్ల

ఎవరికైనా తేల్చుకోవడం కష్టమైతే నేను ఒక పరీక్ష పెడతాను. కోత పండుగ ప్రకటనని తెలుగులో, ఒడియాలో పెట్టి చూడండి. సైట్ చూసుకోబోయే మనిషే పెట్టాలి, మీరు పక్కన కూర్చుని నోరు మెదపకూడదు.

వర్డ్‌ప్రెస్‌లో పాలీలాంగ్ ప్లగిన్ ఉచిత రూపం వేశాక, తెలుగు పోస్టు పక్కన ఉండే కూడిక గుర్తు నొక్కితే ఒడియా పేజీ ఖాళీగా తెరుచుకుంటుంది. మా కార్యదర్శి గారమ్మాయి, డిగ్రీ రెండో ఏడాది, పావుగంటలో చేసింది. జూమ్లాలో అదే అమ్మాయి రెండు ప్రకటనలూ రాసింది గానీ జత కుదర్చడం మరిచిపోయింది, ఒడియా మీట నొక్కితే పేజీ హోమ్‌కి పోయింది. అక్కడితో మా నిర్ణయం అయిపోయింది. మీ అమ్మాయి వేరేలా చేయవచ్చు, అందుకే పరీక్ష పెట్టమంటున్నాను.

భాష మార్చే మీట దగ్గర జెండాలు పెట్టకండి. తెలుగుకి ఏ జెండా, ఒడియాకి ఏ జెండా? భాష పేరు దాని లిపిలోనే రాయండి. సవరకి మేము విడి భాష తెరవలేదు. మా వైపు సవర కుటుంబాల పాటలు రోమన్ లిపిలోనే ఉంటాయి కాబట్టి ఫాంట్ గొడవ లేదు, ఒక మామూలు పేజీలో పెట్టాం. ఏదో ఒకరోజు వాళ్ళలోంచే ఒకరు రాయడానికి ముందుకొస్తే అప్పుడు తెరుస్తాం. ఖాళీ విభాగం పెట్టి 'త్వరలో' అని రాయడం అవమానం కింద లెక్క.

ఫాంట్ల మాట వచ్చింది కాబట్టి, ఏ సీఎంఎస్ ఎంచుకున్నా మీకు ఎదురయ్యే మొదటి గోడ ఇదే. మన కరపత్రాలన్నీ అను ఫాంట్లలో కొట్టినవి. వాటిని కాపీ చేసి సైట్‌లో అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి, ఎందుకంటే అవి యూనికోడ్ (అన్ని ఫోన్లూ, కంప్యూటర్లూ చదవగలిగే ఉమ్మడి అక్షర పద్ధతి) కాదు. ఒడియా కరపత్రాలకి ఆకృతి ఫాంట్లతో ఇదే బాధ. కన్వర్టర్లు ఉన్నాయి, వాడండి, కానీ తరువాత ఒక్కో వాక్యం చదవాలి. ఒత్తులు తారుమారవుతాయి. మా పాత పాస్టరు గారి జీవిత చరిత్రలో ఒకచోట అర్థమే తిరగబడితే ఆయన మనవడు గల్ఫ్ నుంచి ఫోన్ చేశాడు. కొత్తగా రాసేవి ఫోన్‌లోనే యూనికోడ్‌లో కొట్టించడం అలవాటు చేయండి.

ప్రసంగాల ఆడియో గురించి. నలభై నిమిషాల ప్రసంగం 128 కేబీపీఎస్ (ఆడియో నాణ్యత కొలత)లో దాదాపు 38 ఎంబీ. అదే మోనోలో 64కి దించితే 19 ఎంబీ, మాట స్పష్టతలో తేడా తెలియదు. ఏడాదికి 52 వారాలు, రెండు భాషలు అనుకుంటే 64లో కూడా దాదాపు 2 జీబీ. చవక హోస్టింగ్‌కి అది బరువే. వీడియో అయితే యూట్యూబులో పెట్టి, పేజీలో దాని ప్లేయర్ కాకుండా బొమ్మ, లింకు మాత్రం ఉంచండి. నౌపడ నుంచి గుణుపురం రైల్లో కూర్చుని తెరిచి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

కానుకల బటన్ విషయంలో మాత్రం జాగ్రత్త. ఏ సీఎంఎస్‌లోనైనా పది నిమిషాల్లో పెట్టవచ్చు, అదే ప్రమాదం. విదేశీ పౌరసత్వం తీసుకున్నవాళ్ళ దగ్గర ఒక్క డాలరు పుచ్చుకోవాలన్నా సంఘానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. 2020 సవరణ తరువాత ఆ డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాకే రావాలి. గల్ఫ్‌లో పనిచేస్తూ భారత పాస్‌పోర్టే ఉన్న మన పిల్లలు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేది ఈ లెక్కలోకి రాదు. మేము బటన్ పెట్టలేదు. కోశాధికారి గారిని ఎలా కలవాలో మాత్రం రాశాం.

బాప్తిస్మం తీసుకున్నవాళ్ళ జాబితా, పేర్లతో సహా ఫొటోలు సైట్‌లో పెట్టకండి. ఒడిశాలో మతమార్పిడుల మీద 1967 నుంచే చట్టం ఉంది, చెప్పనక్కర్లేని వాళ్ళ కళ్ళలోనూ అవి పడతాయి. పిల్లల ఫొటోలకీ ఇదే జాగ్రత్త. 2023 డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళ వివరాలకి తల్లిదండ్రుల అనుమతి అడుగుతుంది. మేము సండే స్కూల్ ఫారంలోనే ఒక గడి చేర్చి సంతకం తీసుకుంటున్నాం. సభ్యుల చిరునామాలు, ఫోన్ నంబర్లు ఏ సీఎంఎస్‌లోనూ వద్దు, లాగిన్ వెనకైనా సరే. రిజిస్టరు రిజిస్టరులోనే ఉండాలి.

పెద్ద అప్‌డేట్లు డిసెంబరులో చేయకండి. వర్డ్‌ప్రెస్ 5.0 వచ్చి ఎడిటర్ రూపమే మారిపోయింది 2018 డిసెంబరు 6న. క్రిస్మస్ ప్రోగ్రాం పెట్టాల్సిన రోజులు. పాత ఎడిటర్‌ని తిరిగి తెచ్చే క్లాసిక్ ఎడిటర్ ప్లగిన్ ఉందని తెలిసే దాకా నాకు నిద్ర లేదు. ఈస్టర్ అయ్యాక, వేసవి సెలవుల్లో, బ్యాకప్ తీసుకుని చేయండి. ఆ బ్యాకప్ హోస్టింగ్‌లోనే ఉంటే బ్యాకప్ కాదు, ఒక కాపీ మీ పెన్‌డ్రైవ్‌లో ఉండాలి.

డొమైన్ సంఘం పేరు మీద, సంఘం మెయిల్‌తో, కార్యదర్శి పదవికి ముడిపెట్టిన ఫోన్ నంబరుతో తీసుకోండి. అమ్మేవాళ్ళు 'మీ పేరు మీద చేసేద్దాం, త్వరగా అయిపోతుంది' అంటారు, ఒప్పుకోవద్దు. మేము డొమైన్, హోస్టింగ్, సైట్, మెయిల్ నాలుగింటి పాస్‌వర్డులూ, ఏది ఏ తేదీకి రెన్యువల్ చేయాలో ఒక కాగితం మీద రాసి, కవర్లో పెట్టి అంటించి, కానుకల లెక్క పుస్తకం ఉండే ఇనప బీరువాలో పెట్టాం. ఏటా జనవరి మొదటి ఆదివారం ఒడియా ఆరాధన అయ్యాక కవరు చింపి, నేను పక్కకి తప్పుకుంటాను. కార్యదర్శి గారమ్మాయి ఒక్కొక్కటీ కొట్టి లోపలికి వెళ్ళి చూస్తుంది. నాలుగూ తెరుచుకుంటే కొత్త కవరు అంటిస్తాం.